ఆట కొలువు: కర్నల్ సి.కె. నాయుడు

వాడరేవు ఇసుకతిన్నెలమీద సాయంకాలమున తాటిమట్టను బ్యాటుగా చెక్కుకొని బంతి కొట్టు పిల్లలను చూచినచో, వారిలో ప్రతివాడును ఏనాటికైన ఈ ఆటవలననే బ్రతుకగలనని కలలు గనుచున్నట్లు తోచును. ఈనాడు ఆ కలలో అసంభవమేమియు లేదు. ఆటగాండ్రను వేలము పాడి కోట్ల రూపాయలకు కొనుచున్న కాలమిది. నూరేండ్ల క్రిందట స్థితి వేరు. ఆట ఆడి అన్నము తినుట యనునది మర్యాదస్థుల ఇండ్లలో తలపెట్టదగిన మాట కాదు. క్రికెట్టు ఆడువారు రాజులు. వారు వేడుకకై ఆడుదురు. లేదా ఆ రాజులకు బంతులు వేయుటకు జీతమునకు కుదిరినవారు. వారు పొట్టకై ఆడుదురు. ఈ రెంటికిని నడుమ నిలిచి, రాజు గాకయు సేవకుడుగా తలవంచకయు, ఆటను వృత్తిగా గైకొని దానికి గౌరవము సంపాదించి పెట్టిన తెలుగువాడు కొఠారి కనకయ్య నాయుడు. లోకము ఆయనను సి.కె. నాయుడనియు, కర్నల్ నాయుడనియు ఎరుగును.

కొఠారివారి పూర్వులది బందరు. కనకయ్య తాతగారైన నారాయణస్వామి నాయుడు నాగపూరు చేరి న్యాయవాదిగా పేరు గడించెను. తండ్రి సూర్యప్రకాశరావు నాయుడు ఇంగ్లండులో కేంబ్రిడ్జిలో చదివి, తానును న్యాయవాదియై తిరిగివచ్చెను. అట్టి ఇంట 1895 అక్టోబరు 31వ తేదీన కనకయ్య జన్మించెను. తాతయు తండ్రియు నల్లకోటు తొడిగిన యింటిలో మూడవతరము కూడ ఆ దారినే పోవునని ఎవరైనను తలంతురు. కాని నాగపూరు హిస్లాప్ పాఠశాలలో చదువు నాటికే ఆ బాలుని పేరు మైదానమున వినబడజొచ్చెను.

ఆ రోజులలో బొంబాయిలో ఏటేట జరుగు చతుర్వర్గ పోటీలే దేశమునకెల్ల పెద్ద క్రికెట్టు పండుగ. యూరోపియనులు, పార్సీలు, హిందువులు, ముస్లిములు అని జట్లు మతమునుబట్టి ఏర్పడెడివి. ఈ పద్ధతి తరువాత తీవ్రవిమర్శకు గురియై స్వాతంత్ర్యమునకు ముందే ఆగిపోయెను. అయినను ఒక నల్లవాడు తెల్లవానితో సరిసమానముగా ఒకే గీతకు ఇరువైపుల నిలువగల తావు ఆనాడు అదియొక్కటే. 1916లో హిందువుల పక్షమున యూరోపియనులపై ఆడుటతో నాయుడు పెద్ద ఆటలో అడుగిడెను. హిందువులు 79 పరుగులకు ఏడు వికెట్లు పోగొట్టుకొన్న తరుణమున, తొమ్మిదవవాడుగా ఆయన వచ్చెను. మొదటి మూడు బంతులను మర్యాదగా ఆపి, నాలుగవదానిని సిక్సరుగా కొట్టెనని చెప్పుదురు. ఇరువది యేండ్లవాని ధైర్యమది. తక్కిన జీవితమంతయు దానికి వ్యాఖ్యానమే.

ఆయన మంచి పొడగరి. వెన్ను నిటారు. బంతిని ఎదుర్కొనుటకు ముందుకు అడుగువేసి, బౌలరు తలమీదుగా నిలువున ఎత్తికొట్టుట ఆయనకు ప్రీతి. గాలిలో కొట్టుట దోషమని నేర్పు కాలములో ఆయన గాలినే దారిగా చేసికొనెను. మద్రాసు చేపాకులో ఒకమారు ఆయన కొట్టిన బంతి మైదానము వెలుపల ఏబది గజముల దూరమున నొక కొబ్బరిచెట్టు చెంత పడెననియు, ఆ చెట్టును చాలకాలము జనులు చూపుచుండిరనియు వాడుక. కొలబద్దతో కొలిచినవారెవరో మనకెరుక లేదు గాని, చెట్టుతో సహా కథ నిలిచినదనుట నిజము.

1923లో ఇందూరు ప్రభువు తుకోజీరావు హోల్కరు నాయుడును తన సంస్థానమునకు పిలిపించి సైన్యములో అధికారిగా నియమించెను. కర్నల్ అను మాట ఆయన పేరునకు ముందు చేరుటకు మూలమిదియే. ఇది ఎట్టి కొలువు? ఈ సైనికుడు దండయాత్రకు వెళ్లినది లేదు. ఆయన యుద్ధభూమి పచ్చిక. సంస్థానాధీశులు ఏనుగులను, పహిల్వానులను, గాయకులను పోషించినట్లే క్రికెట్టు ఆటగాండ్రనుకూడ పోషించు కాలమది. పాటియాలా, ఇందూరు వంటి ఆస్థానములు లేనిచో ఆనాటి భారతీయ క్రికెట్టు లేనేలేదు. అయితే ఆస్థానపు గాయకునికి తెలిసిన సంగతే ఆస్థానపు ఆటగానికిని తెలియును: ప్రభువు మెచ్చినంతకాలమే కొలువు. నాయుడు ఇందూరులో తన జీవితాంతము నిలిచెను. ఆ నిలుకడ ప్రభువుల దయవలననే వచ్చినదనుట సగము నిజము. ఆయన ఆ ఊరికి తెచ్చిన కీర్తి అట్టిది, ఆయనను వదలుకొనుట ఇందూరునకే నష్టము.

నాయుడు జీవితములో ఒక్క దినమును ఎంచుకొమ్మన్నచో 1926 డిసెంబరు 1వ తేదీని ఎంచుకొనవలెను. ఇంగ్లండునుండి ఆర్థర్ గిల్లిగన్ నాయకత్వమున ఎం.సి.సి. జట్టు మన దేశమునకు వచ్చియుండెను. ఆ జట్టులో మారిస్ టేట్, జార్జి గీరీ, ఆస్టిల్ వంటి ఘనులైన బౌలర్లుండిరి. బొంబాయి జింఖానా మైదానములో హిందువులతో పోటీ. మొదటిదినమున గై ఎర్ల్ అను ఆంగ్లేయుడు ఎనిమిది సిక్సరులతో 130 పరుగులు చేసి చూపరులను విభ్రాంతులను గావించెను. తెల్లవాని బాహుబలము ముందు మనవారి శక్తి యెంత అని గొణుగుకొన్నవారు ఆ రాత్రి చాలమంది యుండియుందురు. మరునాడు నాయుడు బ్యాటు పట్టెను. 116 నిమిషములలో 153 పరుగులు. అందు పదునొకండు సిక్సరులు, పదమూడు ఫోర్లు. ఒక బంతి జింఖానా భవనపు కప్పుమీద పడెను. వార్త నగరమున ప్రాకినకొలది కచేరీలు వదలి, దుకాణములు వదలి జనులు మైదానమునకు పరువెత్తిరి. చోటు చాలక చెట్లెక్కిరి, మేడలెక్కిరి.

ఆ పోటీ జయాపజయములు తేలకయే ముగిసెను. కాని ఆ దినమున తేలిన విషయము వేరు. ఒక ఇన్నింగ్సులో పదునొకండు సిక్సరులనునది అప్పటికి లోకమున ఎవ్వరును చేయని పని. ఎం.సి.సి.వారు మెచ్చి ఆయనకు వెండి బ్యాటును బహూకరించిరి. భారతదేశమునకు ప్రత్యేకముగా ఒక క్రికెట్టు బోర్డు ఉండవలెననియు, ఇంగ్లండుతో సమానస్థాయిలో టెస్టుపోటీలు ఆడవలెననియు గిల్లిగన్ ప్రోత్సహించెను. 1928 డిసెంబరులో బోర్డు ఏర్పడెను. ఆ బోర్డు పుట్టుకలో కాగితములు నడపినవారి పాలు ఎంత గలదో, ఆ రెండు గంటల బ్యాటుదెబ్బల పాలును అంత గలదు. అప్పటికి నాయుడు వయస్సు ముప్పదియొకటి. ఆయన శరీరబలము పరాకాష్ఠనందిన ఏండ్లు టెస్టు హోదా లేని దేశములోనే గడచిపోయినవి. ఏడు టెస్టులలో 350 పరుగులు, సగటున 25 అను లెక్కను మాత్రము చూచి ఆయనను తూచువారు ఈ సంగతిని మరువరాదు.

1932లో భారతజట్టు ఇంగ్లండునకు బయలుదేరినప్పుడు నాయకత్వము నాయుడునకు దక్కలేదు. పోరుబందరు మహారాజు నాయకుడు. లింబ్డీ రాజకుమారుడు ఘనశ్యామసింహజీ ఉపనాయకుడు. ఆట తెలిసినవాడు ఆజ్ఞ పాలింపవలెను. ఆజ్ఞ యిచ్చుటకు రాజవంశమున పుట్టియుండవలెను. ఆనాటి న్యాయమది. పోరుబందరు ప్రభువును మాత్రము మనము తప్పక మెచ్చుకొనవలెను. తన ఆట యే పాటిదో తానెరిగి, టెస్టుపోటీకి ముందు తప్పుకొనెను. ఉపనాయకుడు గాయపడుటచే ఆయనకును వీలుకాలేదు. అట్లు జూన్ 25న లార్డ్స్ మైదానములో భారతదేశపు మొట్టమొదటి టెస్టుజట్టును నడిపించు భాగ్యము నాయుడునకు లభించెను. పోటీకి ముందురాత్రి కొందరు ఆటగాండ్రు తమవంటి జీతగాని క్రింద ఆడుటకు ఒప్పుకొనక మొండికెత్తిరనియు, స్వదేశమునుండి ఒక మహారాజు తంతి పంపినగాని వారు దారికి రాలేదనియు క్రికెట్టు చరిత్రకారులు వ్రాసిరి. రాజు చెప్పినగాని రాజు కానివాని మాట చెల్లలేదన్నమాట.

ఆ ఉదయమున మహమ్మద్ నిస్సార్ వేగమునకు సట్‌క్లిఫ్, హోమ్స్ ఇరువురును బౌల్డు కాగా, వూలీ పరుగు తీయబోయి ఔటయ్యెను. ఇంగ్లండు 19 పరుగులకు మూడు వికెట్లు! లార్డ్స్ పెద్దలు కన్నులు నులుముకొనిరి. పిదప ఆంగ్లనాయకుడు జార్డీన్ నిలిచి ఆడి జట్టును గట్టెక్కించెను. ఫీల్డింగు చేయుచు చేతికి దెబ్బ తగిలినను నాయుడు మొదటి ఇన్నింగ్సులో 40 పరుగులు చేసెను. మనవారిలో అదియే హెచ్చు. భారతజట్టు 158 పరుగుల తేడాతో ఓడెను.

ఇచ్చట ఒక విశేషము గమనింపదగినది. ఆనాటి ఇంగ్లండులో ఆటగాండ్రు రెండు కులములు: జీతము తీసికొనని పెద్దమనుష్యులు, జీతమునకు ఆడు వృత్తి ఆటగాండ్రు. ఇరువురికి వేరువేరు గదులు, మైదానమునకు వేరువేరు ద్వారములు. పట్టికలో పేర్లు ముద్రించుటలో కూడ భేదము. వృత్తి ఆటగాడైన లెన్ హట్టన్‌ను నాయకునిగా నియమించుటకు 1952 వరకు ఇంగ్లండునకు మనసు రాలేదు. ఆ భేదము రద్దగుట 1962లో. అట్టి దేశములో, అట్టి మైదానములో, 1932లోనే ఆటను జీవికగా గల యొక తెలుగువాడు జార్డీన్ ప్రక్కన నిలిచి టాసు వేసెను. మనవారు కోరి చేసిన సంస్కరణ కాదది. రాజులిద్దరు వీలుపడక తప్పుకొనుటచే సంభవించినది. అయినను సంభవించినది.

ఆ పర్యటనలో నాయుడు మొదటితరగతి పోటీలన్నిటిలో 1,618 పరుగులు చేసి 65 వికెట్లు తీసెను. లార్డ్స్‌లో ఎం.సి.సి.పై ఔటుగాక 118 పరుగులు చేసెను. ఎడ్జ్‌బాస్టన్‌లో వార్విక్‌షైరుపై 162 పరుగులు చేయుచు ఒక బంతిని రియా నదికి ఆవలివైపునకు కొట్టెను. ఆ నది రెండు జిల్లాలకు సరిహద్దగుటచే, నాయుడు బంతిని ఒక జిల్లానుండి మరియొక జిల్లాకు పంపెనని అచ్చట నేటికిని చెప్పుకొందురు. విజ్డెన్ వార్షికసంపుటము 1933లో ఆయనను ఆ యేటి అయిదుగురు ఉత్తమ ఆటగాండ్రలో నొకనిగా పేర్కొనెను. మరుసటి శీతకాలమున జార్డీన్ తన జట్టుతో మనదేశమునకు వచ్చినప్పుడు నాయకత్వము నాయుడుదే. బొంబాయి టెస్టులో లాలా అమర్‌నాథ్ 118 పరుగులు చేసి భారతీయులలో తొలి టెస్టు శతకమును సాధించినప్పుడు అవతలి కొసన తోడుగా నిలిచి 67 పరుగులు చేసినది నాయుడే. ఇరువురును కలిసి 186 పరుగులు కూర్చిరి.

1936 వచ్చుసరికి కథ మరల మొదటికి వచ్చెను. ఈమారు నాయకుడు విజయనగర మహారాజకుమారుడు, విజ్జీగా ప్రసిద్ధుడైన విజయానంద గజపతిరాజు. ఆయన క్రికెట్టునకు ధారాళముగా వ్యయము చేసిన వదాన్యుడు. హాబ్స్‌ను, సట్‌క్లిఫ్‌ను మనదేశమునకు రప్పించి తన జట్టులో ఆడించినవాడు. ఆ జట్టులో నాయుడును ఆడెను. దాతగా విజ్జీకి వంక పెట్టలేము. కాని బ్యాటు దాతృత్వమును లెక్కచేయదు. మూడు టెస్టులలో ఆయన చేసినవి 33 పరుగులు. విజయనగరపు తెలుగు ప్రభువు, బందరు మూలపు తెలుగు ఆటగాడు ఒకే ఓడలో ఇంగ్లండు వెళ్లి అచ్చట రెండు శిబిరములైరి. అమర్‌నాథ్‌ను క్రమశిక్షణ పేరుతో టెస్టుపోటీలకు ముందే ఇంటికి పంపివేసిరి. ఫలాహారశాలలో అందరియెదుట నాయుడును అవమానించినందుకు బహుమానముగా బాకా జిలానీకి ఓవల్ టెస్టులో స్థానము దొరికెనని ఒక అపవాదు నేటికిని నిలిచియున్నది. పర్యటన ముగిసిన పిదప బొంబాయి ప్రధాన న్యాయమూర్తి బోమాంట్ అధ్యక్షతన విచారణసంఘమును నియమింపవలసి వచ్చెను; సంఘము విజ్జీ నాయకత్వమును తప్పుపట్టెను.

నాయుడు మాత్రము పూర్తిగా నిర్దోషియా? ఆయన మితభాషి, అభిమానధనుడు, కఠినుడు. తనకు న్యాయముగా రావలసినది ఇతరునికి దక్కినప్పుడు చిరునవ్వుతో సహకరించు స్వభావము ఆయనది కాదు. జట్టు చీలినప్పుడు అతికించుటకు ఆయన ముందడుగు వేసిన దాఖలా కనబడదు. దూరముగా నిలిచెను. గొప్ప ఆటగాని మౌనము కూడ ఒక పక్షమే యగును. అయితే ఓవల్ మైదానమున ఆయన తన సమాధానమును బ్యాటుతో చెప్పెను. గబ్బీ అలెన్ వేగముగా వేసిన బంతి రొమ్మునకు తగిలి తూలిపోయియు, కొంతసేపటికి నిలద్రొక్కుకొని 81 పరుగులు చేసెను. టెస్టులలో ఆయన చేసిన అత్యధికము అదియే. చివరి టెస్టును అదియే. నలువదియేండ్ల వయస్సు.

ఇతరులకైనచో జీవితకథ ఇక్కడ ముగియును. నాయుడునకు వృత్తిజీవితము ఇంకను ఇరువదియేండ్లు మిగిలియుండెను. 1941లో బాత్‌గేట్ వారి లివర్ టానిక్ ప్రకటనలో ఆయన బొమ్మ కనబడెను. భారతీయ క్రికెట్టు ఆటగాడొకడు తన పేరును ఒక సరకునకు అరువిచ్చుట అదియే మొదలు. కొందరికది చిన్నతనముగా తోచియుండవచ్చును. రాజుకు అట్టి అవసరము లేదు. ఆటవలన బ్రతుకువానికి గలదు.

ఆ ఏండ్లలోనే హోల్కరు జట్టును ఆయన తీర్చిదిద్దెను. ముస్తాక్ అలీ, సర్వటే, జగదాలే, హీరాలాల్ గైక్వాడ్, తమ్ముడు సి.ఎస్. నాయుడు వంటి వారందరిచేత ఆయన సైనిక కవాతు చేయించినంత పని చేయించెను. వేళకు రానివానికి, ఒళ్లు వంచనివానికి ఆ జట్టులో చోటు లేదు. 1952–53తో ముగిసిన తొమ్మిదేండ్లలో హోల్కరు ఎనిమిదిమార్లు రంజీ ట్రోఫీ తుదిపోటీకి చేరి, నాలుగుమార్లు గెలిచెను. 1945–46లో మైసూరుపై ఎనిమిది వికెట్లకు 912 పరుగులు చేసిన ఇన్నింగ్సులో ఆరుగురు శతకములు కొట్టిరి. అందొకడు ఏబదియేండ్ల నాయుడు. అంతకు ముందటి సంవత్సరము బొంబాయితో జరిగిన తుదిపోటీలో తమ్ముడు సి.ఎస్. 917 బంతులు వేసెను. ఒక్క పోటీలో ఒక్కని చేతినుండి అన్ని బంతులు! అన్న నాయకత్వమున తమ్మునికైనను విశ్రాంతి లేదు.

1951–52లో బొంబాయి జట్టుతో ఆడుచుండగా దత్తూ ఫడ్కర్ వేసిన బంతి ఎగిరి నాయుడు నోటికి తగిలి పండ్లు రాలినవి. వయస్సు 56. పరుగెత్తుకొని వచ్చినవారిని వారించి, నేలమీద పడిన పంటిముక్కలను బ్యాటుతో ప్రక్కకు త్రోసి, ఆయన మరల బంతికై నిలిచెను. వయస్సునుబట్టి ఫడ్కర్ నెమ్మదిగా వేయబోగా, వేగము తగ్గింపవలదని హెచ్చరించెనని చెప్పుదురు. జాలితో వేసిన బంతిని ఆడుట ఆ వృత్తికి అవమానమని ఆయన భావము కాబోలు.

1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రము అవతరించెను. ఆ శీతకాలముననే ఆంధ్రజట్టు మొదటిసారి రంజీ ట్రోఫీలో అడుగుపెట్టెను. ఆ జట్టునకు నాయకుడు 58 ఏండ్ల సి.కె. నాయుడు. ఆంధ్ర క్రికెట్టు సంఘము స్థాపనలో ముఖ్యుడు విజ్జీ. పదునేడేండ్ల క్రిందట ఇంగ్లండులో ఎడమొగము పెడమొగముగా తిరిగిన తెలుగువారిద్దరును కొత్తరాష్ట్రపు జట్టు పేరుకై ఇట్లు ఒకచోట చేరిరి. వారి మనస్సులలో పాతగాయము మానెనో లేదో గాని, పని మాత్రము జరిగెను. తాత విడిచివచ్చిన గడ్డ పేరు మనుమని చొక్కా మీదకు వచ్చెను. గెలుపోటములకంటె, ఒక పేరు గల పెద్దమనిషి తమతో మైదానమునకు నడచివచ్చెననుటయే ఆనాటి ఆంధ్ర యువకులకు పెద్ద పెట్టుబడి.

1956లో ప్రభుత్వము ఆయనను పద్మభూషణ బిరుదముతో సత్కరించెను. అంతటితో ఆయన ఇంట కూర్చుండెనా? 1956–57లో ఉత్తరప్రదేశ్ పక్షమున ఆడి, 61వ యేట తన చివరి రంజీ ఇన్నింగ్సులో 52 పరుగులు చేసెను. 1963–64లో 68 ఏండ్ల వయస్సున ధర్మార్థమై జరిగిన పోటీలోకూడ బ్యాటు పట్టెను. మొదటితరగతి క్రికెట్టులో ఆయన మొత్తము లెక్క 207 పోటీలు, 11,825 పరుగులు, 26 శతకములు, 411 వికెట్లు. 1967 నవంబరు 14వ తేదీన ఇందూరులో పరమపదించెను. హోల్కరు సంస్థానము పోయి అప్పటికి ఇరువదియేండ్లు. హోల్కరు జట్టును పోయెను. కర్నల్ నాయుడు మాత్రము ఆ ఊరినుండి కదలలేదు. కుమార్తె చంద్రా నాయుడు తండ్రి ఆటను మాటలోనికి తెచ్చి, భారతదేశమున క్రికెట్టు వ్యాఖ్యానము చెప్పిన తొలి మహిళగా పేరొందెను.

1994లో క్రికెట్టు బోర్డు జీవితకాల సేవకుగాను ఇచ్చు తన అత్యున్నత పురస్కారమునకు సి.కె. నాయుడు పేరు పెట్టెను. దానిని మొట్టమొదట అందుకొన్నవాడు, 1936లో టెస్టు ఆడనీయక ఇంగ్లండునుండి ఓడ ఎక్కించి పంపివేయబడిన లాలా అమర్‌నాథ్.